బంగారు మూత వెనీలా సీసా కొనకండి: మా అత్తమ్మ బనానా పుడ్డింగ్ పాడైంది

రాత్రంతా నిద్ర లేదు. ముందు విషయం చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో వెనీలా అని కొట్టగానే అన్నిటికంటే పైన కనిపించే ఆ నల్ల సీసా, బంగారు మూతది, 8 ఔన్సులది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆర్డర్ పెట్టి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చేయండి. ఇంటికి వచ్చేసి ఉంటే మూత తీయకండి. తీశాక అమ్మినవాడు మీ మాట వినడు.

మా అత్తమ్మది అమెరికాలోని టెనెసీ. పెళ్లయిన కొత్తలో అత్తమ్మ అన్న పిలుపు నేనే నేర్పాను. ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే పలికేవారు కాదు. ఆవిడ పోయి మొన్న శనివారానికి ఏడాది. అందరం మామయ్యగారింట్లో కలుద్దామనుకున్నాం. పుడ్డింగ్ నేను చేస్తానన్నాను, ఆవిడ చేత్తో రాసిన కార్డు నా దగ్గరే ఉంది కాబట్టి.

పెట్టెల్లో అమ్మే ఇన్‌స్టంట్ పొడిని ఆవిడ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. పాలు, చక్కెర, కార్న్‌స్టార్చ్, గుడ్ల పచ్చసొన, చిటికెడు ఉప్పు. సన్న సెగ మీద చెయ్యి ఆపకుండా తిప్పాలి. బుడగలు రాగానే దించేయకూడదు, ఇంకో నిమిషమో రెండు నిమిషాలో ఉడకాలి. పచ్చసొనలో పిండిని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. అది చావకపోతే చిక్కగా దిగిన కస్టర్డ్ తెల్లారేసరికి పల్చగా జారిపోతుంది. మొదటిసారి నాకు అలాగే జారిపోతే పక్కన నిలబడి మళ్లీ చేయించారు. దించాక వెన్న, అన్నిటికంటే చివర వెనీలా, ఎందుకంటే పొయ్యి మీదే వేస్తే వాసన ఆవిరితో పోతుంది. ఆ పైన నిల్లా వేఫర్లు (వెనీలా బిస్కెట్లు), అరటి ముక్కలు, కస్టర్డ్, మళ్లీ వేఫర్లు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటేనే వేఫర్లు కేకులా మెత్తబడతాయి. కార్డులో వెనీలా అన్న మాట పక్కన పెన్సిల్‌తో "మంచిది మాత్రమే" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

అందుకే ఇంట్లో ఉన్నది పక్కన పెట్టి మరీ ఇది తెప్పించాను. పేజీలో పేరే "ప్యూర్ వెనీలా ఎక్స్‌ట్రాక్ట్", అంటే వెనీలా కాయల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన అసలు సారం. 24 డాలర్లు. పైగా వేలమంది మెచ్చుకున్నారు. నమ్మాను.

తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటాను. మూత తీసినప్పుడే ఘాటైన వాసన ముక్కుకి కొట్టింది. అసలు వెనీలాలో మొదట ఆల్కహాల్ వాసన, వెనకాలే ఎండుద్రాక్షనీ చెక్కనీ గుర్తు చేసే తీయని వాసన వస్తుంది. ఇందులో ఆల్కహాల్ వాసనే లేదు, చవక ఐస్‌క్రీమ్ వాసన ఒక్కటే. కొత్త సీసా కదా, అందుకే ఘాటుగా ఉందేమో అని సర్దిచెప్పుకున్నాను. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉంటే సరిపోయేది. వేడి కస్టర్డ్ రుచి చూశాను కానీ వేడి మీద తీపే తెలిసింది. చేదు మర్నాడు చల్లారాక బయటపడింది.

బావగారు ఒక చెంచా తిని గిన్నె మెల్లగా పక్కన పెట్టారు. పిల్లలు మొహమాటం లేకుండా మందులా ఉందన్నారు. మామయ్యగారు మాత్రం తల ఎత్తకుండా గిన్నె ఖాళీ చేసి, "బాగుందమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక అక్కడ కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి సీసా తిప్పి చూశాను. ముందు వైపు "వెనీలా ఫ్లేవర్" అని ఉంది, ఎక్స్‌ట్రాక్ట్ అన్న మాట ఎక్కడా లేదు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో నీళ్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం, వెనీలా వాసననిచ్చే వెనిలిన్, క్యారమెల్ రంగు. వెనీలా కాయ ఊసే లేదు.

అక్కడి నుంచే సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను. ఇంత కోపం వంట పాడైనందుకు కాదు, ఆ జవాబులకి. మొదటిది మూడు నిమిషాల్లో వచ్చింది: సీల్ తీసిన సీసా వెనక్కి తీసుకోం. నేను లేబుల్ ఫోటో పంపాను. రుచి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, మీ అరటిపళ్లు బాగా మగ్గిపోయి ఉంటాయి అన్నాడు. అప్పుడు బుద్ధి తక్కువై ఇది ఎవరి కోసం చేశానో కూడా రాశాను. కాస్త మెత్తబడతాడనుకున్నాను. "మీ ఇంటి విషయాలు మాకు అనవసరం. మేం ప్యూర్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఎక్కడ అన్నామో చూపించండి" అని వచ్చింది.

చూపిద్దామని పేజీ తెరిచాను. పేరు మారిపోయింది. "ప్రీమియం వెనీలా ఫ్లేవర్, బేకింగ్ కోసం" అని ఉంది. నాతో మాట్లాడుతూనే, నేను అరటిపళ్ల గురించి సంజాయిషీ ఇచ్చుకుంటున్న ఆ పది నిమిషాల్లోనే, అక్కడ కూర్చుని మార్చేశాడు! మార్చేశాక నన్నే చూపించమన్నాడు. ఆ క్షణంలో ఒళ్లు చల్లబడిపోయింది.

కానీ పాత ఆర్డర్ల పేజీలో, ఈమెయిల్ రసీదులో నేను కొన్నప్పటి పేరు అలాగే ఉంది. రెండూ ఫోటో తీసి పంపాను. అప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కృత్రిమ వెనిలిన్ వాడటం నేరమని నేను అనడం లేదు. బిస్కెట్లలో అది బాగానే ఉంటుంది, చవక కూడా. అదేదో చెప్పి అమ్మాలి. అమెరికాలో వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అంటే ఎవరి ఇష్టం వాళ్లది కాదు, అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన ఉంది. కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి, గ్యాలన్‌కి 13.35 ఔన్సుల వెనీలా కాయలు పడాలి, అంటే లీటరుకి దాదాపు 100 గ్రాములు. వెనీలా పువ్వు విచ్చుకునేది ఒక్క పూట. తోటల్లో ఒక్కో పువ్వుకీ చేత్తో పరాగం అంటించాలి, కాయ కోసి ఆరబెట్టి పదును చేయడానికి నెలలు పడుతుంది. ఖరీదు అందుకే. ఆ ఖరీదు నా దగ్గర పూర్తిగా తీసుకుని రంగునీళ్లు పంపాడు.

ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదు పెట్టాను, కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఎఫ్‌డీఏకి కూడా రాశాను. కొనేవాళ్లు పేజీలో పేరు చూసి ఆగిపోకండి, వెనక లేబుల్ ఫోటో పెద్దది చేసి చూడండి. ఆల్కహాల్ లేదంటే అది ఎక్స్‌ట్రాక్ట్ కాదు. ఆర్డర్ పెట్టిన రోజే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వంటలో వేసే ముందు ఒక్క చుక్క నాకి చూడండి.

వచ్చే ఆదివారం మళ్లీ చేస్తున్నాను. ఈసారి కొట్టుకి వెళ్లి, సీసా చేత్తో పట్టుకుని, వెనక అంతా చదివి తెచ్చుకున్నాను. మామయ్యగారిని ఒక్కరినే పిలిచాను.