‘నేను’ను ‘అతను’గా మార్చడం: ఆరేళ్ల వాడకం తర్వాత

సగంలో ఆగిపోయిన కథను కొన్నాళ్లు పక్కన పెట్టి చదవడం, మొదటి పేజీ కొట్టేయడం వంటివి రాసేవాళ్లందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఆరేళ్లుగా నేను నమ్ముకున్న పద్ధతి ఒక్కటే: ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అని రాసుకున్న కథను ప్రథమ పురుషలోకి, అంటే ‘అతను’, ‘ఆమె’ అని తిరగరాయడం.

ఇది నాకింత ఇష్టం కావడానికి కారణం తెలుగు క్రియ. ‘వెళ్లాను’, ‘చూశాను’ అన్నప్పుడు ఎవరన్నది క్రియ చివరే అంటుకుని ఉంటుంది. చాలా వాక్యాల్లో ‘నేను’ అన్న మాటే కనిపించదు. అందువల్ల వాక్యాన్ని ముగించే ప్రతి క్రియ (సమాపక క్రియ) దగ్గరా ఆగి, చేత్తో మార్చాలి. అలా ఆగిన చోట, అలవాటుగా దాటిపోయిన వాక్యం కొత్తగా కనిపిస్తుంది.

నా దగ్గర ఒక కథ మూడేళ్లు పడి ఉంది. తల్లి పోయాక ఆమె కుట్టుమిషనును తండ్రి అమ్మేస్తాడు, కొడుకు చూస్తూ ఉంటాడు. అంతవరకూ వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు కూర్చున్నా తర్వాతి వాక్యం రాలేదు. పురుష మారుస్తూ ‘నాన్న మిషను అమ్మేశారు’ అన్న చోటికి వచ్చాను. ‘నాన్న’ను ‘తండ్రి’ చేశాను. ఇక క్రియ సంగతి: అమ్మేశారా, అమ్మేశాడా? మా ఇంట్లో నాన్నను ‘వచ్చాడు’ అనే అలవాటు లేదు. నా వేళ్లు ‘రు’ మీదికే వెళ్లాయి. కానీ ఇప్పుడు చెబుతున్నది కొడుకు కాదు కదా. ‘తండ్రి మిషను అమ్మేశాడు’ అని రాశాను. ఆ ఒక్క అక్షరంతో, మూడేళ్లుగా మర్యాద కింద దాక్కున్న కోపం బయటికొచ్చింది. నేను రాయలేకపోయింది ఆ కోపాన్నే. మొదటి పేరాలో ఊరికే పెట్టిన చిన్న నూనె డబ్బా అప్పుడు గుర్తొచ్చింది. మిషను పోయింది, డబ్బా మాత్రం తండ్రి తన దిండు కింద ఉంచుకున్నాడు. ఆ రాత్రే కథ ముగింపు దాకా వెళ్లింది. రాతలో నాకు దక్కిన అంత సంతోషం మరొకటి గుర్తులేదు.

దెబ్బ కూడా తిన్నాను. మరో కథకు ఓపిక లేక, కంప్యూటర్‌లో వెతికి మార్చే సదుపాయంతో ‘నా’ ఉన్న చోటల్లా ‘అతని’ పెట్టించాను. ‘నాన్న’ కాస్తా ‘అతనిన్న’ అయింది, ‘నాలుగు’ ‘అతనిలుగు’ అయింది. ‘అన్నాడు’ నడుమ ఉన్న ‘నా’ను కూడా వదలకపోవడంతో సంభాషణలన్నీ చెడిపోయాయి. అదే ప్రతిని భద్రపరిచి మూసేశాను. వేరే నకలు లేదు. పదహారు పేజీలు తిరిగి సరిచేయలేక ఆ కథను వదిలేశాను. దాని బాధ ఇంకా ఉంది. అప్పటి నుంచి పాత ప్రతిని ముట్టుకోను. పక్కన తెరిచి పెట్టుకుని, ఖాళీ పేజీలో మొదటి నుంచి రాస్తాను.

తొలి రోజుల్లో ఈ పద్ధతితో ఏ కథనైనా లేపవచ్చని మిత్రులకు చెప్పేవాణ్ణి. ఇప్పుడలా చెప్పను. ఇప్పటికి పదకొండు కథల మీద ప్రయత్నిస్తే నాలుగు పూర్తయ్యాయి. ఒక ముసలావిడ తనలో తాను మాట్లాడుకునే కథ అయితే ‘ఆమె’ రాగానే చప్పబడిపోయింది. దాని ప్రాణమంతా ఆ గొంతులోనే ఉంది. కుట్టుమిషను కథ కూడా చివరి ప్రతిలో మళ్లీ ‘నేను’లోకే వచ్చింది. ‘నాన్న అమ్మేశాడు’ అని మాత్రం అలాగే ఉంచాను.

నేను రాసేవి పది, పదిహేను పేజీల కథలు. రాత్రి ఒక గంట దొరుకుతుంది, నాలుగైదు రోజుల్లో ఒక కథ పురుష మారుతుంది. కథ చెప్పేవాడికి దగ్గరివాళ్లే పాత్రలైన కథల్లో ఇది నాకు ఎక్కువగా పనిచేసింది. మూడు వందల పేజీల నవల ఆగిపోయి ఉంటే మొత్తం మార్చమని చెప్పలేను. ఎక్కడ ఆగిందో ఆ ఒక్క అధ్యాయం మీద ప్రయత్నించి చూడమంటాను, అదీ పాత ప్రతిని విడిగా దాచుకున్నాకే.