నిట్టర్‌తో రొయ్యల గుంటల నివేదికలు

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసిపెట్టే చిన్న ల్యాబ్ మాది. గుంటల వారీగా ఆక్సిజన్, పీహెచ్, ఉప్పుశాతం, అమ్మోనియా కొలిచి గ్రాఫులతో పీడీఎఫ్ ఇస్తాం. అవన్నీ ఇప్పుడు నిట్టర్‌తోనే తయారవుతున్నాయి. గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషకు యిహుయ్ షే రాసిన ఉచిత ప్యాకేజీ ఇది. పత్రాలను అచ్చుకు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ పత్రంలోనే లెక్కల కోడ్ రాసుకుంటే, నడిపినప్పుడు పట్టికలు, గ్రాఫులు ఎక్కడివక్కడ వచ్చి కూర్చుంటాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాక్యం మధ్యలో అంకెను పొదిగే సౌకర్యం. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకు పడిపోయిందో చెప్పే వాక్యంలో ఆ అంకెను ఎవరూ టైపు చేయరు, కొలతల ఫైలు నుంచే వస్తుంది. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కనుక పొద్దు పొడిచే ముందే అది బాగా తగ్గుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల దిగువకు పోతే వనామీ రకం రొయ్యకు ఇబ్బందే. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో రైతు మా కాగితం చూసి నిర్ణయించుకుంటాడు. రాతలో ఒక అంకె, గ్రాఫులో మరొకటి ఉండే కాగితం ఇవ్వకపోవడమే మేలు.

నిట్టర్‌కు ముందు, ఫ్రీడ్రిష్ లైష్ 2002లో పరిచయం చేసిన స్వీవ్ అనే ఆర్ సాధనం కూడా ఈ పనే చేసేది. కానీ అందులో ఒక కోడ్ భాగం నుంచి ఒకే గ్రాఫు తేలికగా వచ్చేది. నిట్టర్‌లో ఎన్ని గీస్తే అన్నీ వస్తాయి. పది గుంటలున్న రైతుకు అది పెద్ద తేడా.

నిట్టర్ కేష్ దగ్గర, అంటే ఒకసారి చేసిన లెక్కను దాచి మళ్లీ వాడుకునే ఏర్పాటు దగ్గర, మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కోడ్ మారితే మళ్లీ లెక్కిస్తుంది. కోడ్ అలాగే ఉండి కొలతల ఫైలు ఒక్కటే మారితే పాత ఫలితాన్నే తెచ్చి పెడుతుంది. వారం వారం అదే పేరుతో కొత్త ఫైలు పెట్టే మాలాంటివారికి ఇది ప్రమాదం. కేష్.ఎక్స్‌ట్రా అనే ఆప్షన్‌కు ఆ ఫైలు ఎండీ5 సంఖ్యను (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్యను) అందిస్తే ఫైలు మారిన ప్రతిసారీ లెక్క కొత్తగా జరుగుతుంది. ఈ ఏర్పాటు మొదటి నుంచే ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

తెలుగు రాత, యూనికోడ్ లిపులను నేరుగా తీసుకునే లేటెక్ రకమైన జీలేటెక్‌లో చక్కగా కుదురుతుంది. గ్రాఫుల మీది తెలుగు మాత్రం ఆర్‌లో గ్రాఫును పీడీఎఫ్‌గా గీసే మామూలు డివైస్‌లో చుక్కలైపోతుంది. దాని బదులు కైరో పీడీఎఫ్ అనే డివైస్ ఎంచుకుని, మంచి తెలుగు ఫాంటు ఇస్తే ఒత్తులు కూడా సరిగా పడతాయి. లేటెక్ మొత్తం వేసుకుంటే డిస్కులో కొన్ని జీబీలు పోతాయి. యిహుయ్ షేనే చేసిన టైనీటెక్ అనే చిన్న లేటెక్ కూర్పు చాలు, లోపించిన ప్యాకేజీలను తానే దించుకుంటుంది.