రక్తం తగ్గిందని తెలియాలంటే ఏది మేలు: కనురెప్పా, సీబీపీనా, ఫెరిటినా?

మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తూనే నీరసం. ఇంట్లో పెద్దవాళ్లెవరో కింది కనురెప్ప లాగి చూసి "ఒంట్లో రక్తం లేదు" అని తేల్చేస్తారు. ఇది ఉత్త చాదస్తం కాదు, డాక్టర్లూ ఇలాగే చూస్తారు. ఎక్కడ చూడాలో తెలియాలంతే. రెప్ప లాగినప్పుడు అంచు వెంబడి ఉండే సన్నటి పట్టీ మామూలుగా ఎర్రగా, దాని వెనక భాగం కాస్త లేతగా కనిపిస్తాయి. ఆ తేడా పోయి రెండూ ఒకేలా పాలిపోతే అనుమానించాలి. అదీ పగటి వెలుతురులోనే. ట్యూబ్‌లైటు కింద అందరూ రోగుల్లాగే ఉంటారు.

ఖర్చు లేని పరీక్షే, కానీ రక్తం బాగా పడిపోయాకే పట్టిస్తుంది. కొద్దిపాటి రక్తహీనత దీనికి దొరకదు. కళ్లు ఎర్రబడి ఉంటే అసలే తెలియదు.

అందుకే ఒకే పరీక్ష చేయించాలంటే నా ఓటు సీబీపీకే, అంటే రక్తకణాలన్నిటి లెక్క చెప్పే కంప్లీట్ బ్లడ్ పిక్చర్‌కే. చాలామంది అందులో హిమోగ్లోబిన్ అంకె చూసి కాగితం మడిచేస్తారు. మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 గ్రాముల (డెసిలీటరు రక్తానికి) కంటే తగ్గితే రక్తహీనత అన్నమాట నిజమే. అయితే ఎందుకు తగ్గిందో చెప్పేది కింద ఉండే ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు. 80 కంటే తక్కువుంటే ఐరన్ లోపమో, తలసీమియా ట్రెయిటో (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం, స్వల్ప రూపంలో) కావచ్చు. 100 దాటితే బీ12, ఫోలేట్ విటమిన్ల లోపం వైపు చూడాలి. రెండు రకాల లోపాలూ కలిసి ఉంటే చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసి సగటు మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ, అంటే కణాల సైజుల్లో తేడా, ఎక్కువగా ఉందేమో చూడాలి.

మరి ఫెరిటిన్? ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఇదే. ముందు నిల్వ ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ ఆఖర్న పడుతుంది. నా విషయంలో అదే జరిగింది. హిమోగ్లోబిన్ 12.3, "నార్మల్" అన్నారు. నేనేమో ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు తీసి కరకరా నమిలేస్తున్నాను. అదీ ఐరన్ లోపం లక్షణమేనని తర్వాత తెలిసింది. ఫెరిటిన్ 9 వచ్చింది. పెద్దవాళ్లలో 15 కంటే తగ్గితే నిల్వ అయిపోయినట్టే. నెలసరిలో రక్తస్రావం ఎక్కువుండి, సీబీపీ అంచుల్లో ఉన్నవాళ్లు ఇది కూడా చేయించుకోవడం మంచిది. జ్వరంలో మాత్రం వద్దు, ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. ఎంసీవీ తక్కువ, ఫెరిటిన్ మామూలు అయితే తలసీమియా కోసం చేసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.

మగవాళ్లకో, నెలసరి ఆగిన ఆడవాళ్లకో ఐరన్ తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమో వెతకాలి. ఐరన్ మాత్రలకు మలం నల్లబడటం మామూలే. మాత్రలేవీ వాడకుండానే తారులా నల్లగా, జిగటగా వస్తున్నా, కూర్చున్నచోటే ఆయాసమో ఛాతీ నొప్పో వస్తున్నా ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.