ఆస్టిన్ సెవెన్ ఉన్నవాళ్లూ, ఆ తోలు తొడుగుల పెద్దమనిషికి బండి ఇవ్వకండి

పేరు రాయను. పాత కార్ల సామాను ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లకు ఆయనెవరో విడిగా చెప్పనక్కర్లేదు. "కమాన్ల చప్పుడుకు శాశ్వత పరిష్కారం" అని ఫొటోలు పెడుతుంటాడే, ఆయనే.

నాది 1934 నాటి ఆస్టిన్ సెవెన్, బ్రిటన్‌ చిన్న కారు. ముందు అడ్డంగా ఒక కమాన్ కట్ట (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు), వెనక రెండు పొట్టి కట్టలు. వానలు పోయాక పట్టీల మధ్య తుప్పు చేరి, ప్రతి గుంతకూ కిర్రుమంటోంది. కట్టలు విప్పుతాం, తుప్పు గీకుతాం, పట్టీ పట్టీకీ గ్రాఫైట్ గ్రీజు పూసి తోలు తొడుగులు కడతాం అన్నాడు. రూ.18,000. మొత్తం ముందే చేతిలో పెట్టిన నా తెలివికి సన్మానం చేయాలి.

బండి నిశ్శబ్దంగానే తిరిగొచ్చింది. కానీ గుంత దాటిపోయాక కూడా ముందు భాగం ఎగిరెగిరి పడుతోంది. అనుమానమొచ్చి ఒక తొడుగు తాళ్లు విప్పాను. లోపల గ్రీజు చుక్క లేదు. వాడి పారేసిన ఇంజను నూనె, అందులో నానిన ఎర్రటి తుప్పు. కట్ట మధ్య బోల్టు మీద పాత రంగు పెచ్చు కూడా ఊడలేదు, అంటే దాని మీద స్పానరే పెట్టలేదు! అదీ చాలక, బిళ్లల రాపిడితో పనిచేసే ఫ్రిక్షన్ షాక్ అబ్జార్బర్లలోకీ అదే నూనె పోశారు. ఆ బిళ్లలు గట్టిగా రాసుకుంటేనే కదా కమాన్ ఊపు ఆగేది? వాటికి నూనె పెట్టడమంటే బ్రేకు లైనింగుకు వెన్న రాయడమే. తొంభై ఏళ్లుగా ఈ కార్లతో తంటాలు పడుతున్న ప్రపంచమంతా పిచ్చిది కాబోలు!

ఫోను చేశాను.

"కట్టలు విప్పనే లేదు కదండీ?"

"చప్పుడు పోయిందా, లేదా?"

"పోయింది, కానీ బండి..."

"చప్పుడుకే కదా డబ్బులిచ్చారు. ఊగకూడదంటే కొత్త కారు కొనుక్కోండి సార్. అయినా కారూ పాతదే, మీరూ పెద్దవారే. మెల్లగా నడుపుకోండి."

వెనక ఎవరో పకపకా నవ్వారు. ఈయన వాళ్లను వారించలేదు సరికదా, తనూ నవ్వుతూ ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరుకు జవాబే లేదు. బండి అప్పగించిన రోజు "ఇలాంటి కారు మా చేతికి రావడం మా అదృష్టం" అన్నది ఈ నోరే.

ఇలాంటి పని చేయించేవాళ్లు పట్టీలు విడదీసి పరిచిన ఫొటో చూశాకే డబ్బివ్వండి. తుప్పు మీదే తొడుగు కడితే లోపలికి చేరిన నీళ్లు బయటికి పోవు, కట్ట ఇంకా త్వరగా పాడవుతుంది. కమాన్ కట్ట చివర్లను పట్టి ఉంచే షాకిల్ పిన్నులకు గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టండి. షాక్ అబ్జార్బర్ బిళ్లల జోలికి మాత్రం నూనె డబ్బాను రానివ్వకండి. నావి పెట్రోలుతో కడిగినా నూనె వదలడం లేదు. ఎవరి దగ్గరైనా సరిపడే బిళ్లలు ఉంటే చెప్పండి, సరుకు చూసి అక్కడే డబ్బిస్తాను.