మీటరు ముంచి చూసి వెళ్లిపోతే అది ఆర్వో సర్వీసా?

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. మంజీరా నీళ్లు రోజు తప్పించి రోజు వస్తాయి, అవీ చాలవు, మిగతాదంతా బోరే. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 870 దాకా ఉంటుంది కాబట్టి ఆర్వో లేకుండా కుదరదు. మిషన్‌కి ఏడాదికి 4,500 కట్టి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్నాం, కంపెనీ పేరు చెప్పను. ఐదుకి రెండు ఇస్తున్నా, ఆ రెండు కూడా ఫోన్ చేసిన మర్నాడే మనిషిని పంపినందుకు.

వచ్చినబ్బాయి గ్లాసులో మీటరు ముంచాడు, 190 చూపించింది. "మెంబ్రేన్ పోయింది మేడమ్, 2,800 అవుతుంది, ఏఎంసీలో రాదు" అన్నాడు. మెంబ్రేన్ అంటే లవణాల్ని ఆపే అసలు ఫిల్టరు. కిందటి సర్వీసుకి ముందు 80 ఉండేది, ఒక్కసారి అంతెలా పెరుగుతుందని డౌటొచ్చి, రుచి కోసం మెంబ్రేన్ దాటని మామూలు నీళ్లు కొంచెం కలిపే స్క్రూ ఉంటుంది కదా, అది చూడమన్నాను. బాగా వదులుగా ఉంది. బిగించి, ట్యాంకు ఖాళీ చేసి, మళ్లీ నింపి చూస్తే 75! కావాలని తిప్పారో మర్చిపోయారో వాళ్లకే తెలియాలి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఆ స్క్రూ వదులు చేశారంటే ఫ్లోరైడ్‌ని గ్లాసులోకి పిలిచినట్టే. మా అత్తమ్మ వాళ్లది నల్గొండ, ఈ మాట చెప్పగానే ఆవిడ అక్కడ వాళ్లింట్లో మిషన్ చూపించమని మా మరిదికి ఫోన్ చేసింది.

అసలు కోపం ట్యాంకు దగ్గర వచ్చింది. మూత తీసి అడుగున వేలు పెడితే పాకుడు, జారిపోతోంది. కార్డు మీద మాత్రం మూడు సర్వీసుల సంతకాలు చక్కగా ఉన్నాయి. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల లెక్కే చెప్తుంది, క్రిములు దానికి కనపడవు. పైగా కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని లాగేస్తుంది, మా మిషన్‌లో క్రిముల్ని చంపే యూవీ దీపమేమో ట్యాంకుకి ముందే ఉంది, అంటే ట్యాంకులో నిలవున్న నీళ్లకి కాపలా ఏమీ లేదు. అనుమానం తీరక ఆన్‌లైన్‌లో హెచ్‌టూఎస్ సీసాలు (నీళ్లలో మలం నుంచి వచ్చే లాంటి క్రిములుంటే నల్లబడే టెస్టు సీసాలు) తెప్పించి నీళ్లు పోసి పెడితే మర్నాటికి నల్లబడ్డాయి. ఆ రాత్రి నుంచి కాచిన నీళ్లే తాగాం.

తర్వాత కాలనీలో ఆర్వో రిపేర్లు చేసే అన్నని పిలిచాను. ఈయనకి ఐదుకి నాలుగున్నర. మట్టిని ఆపే బయటి క్యాండిల్ ఫిల్టరు విప్పితే తెల్లగా ఉండాల్సింది ఎర్రమట్టి రంగులో ఉంది, అదీ, కార్బనూ మార్చాడు. యూవీ దీపం వెలుగుతోంది కదా అంటే "వెలుగుతది మేడమ్, పవర్ తగ్గుతది, ఏడాది దాటింది" అని అదీ మార్చాడు. ట్యాంకు బ్లీచింగ్ నీళ్లతో కడిగి, రెండు ట్యాంకుల నీళ్లు పారబోయించి (అవి బాత్రూంకి వాడుకున్నాం), ప్రతి ఫిల్టరు మీదా మార్కర్‌తో తేదీ రాసి వెళ్లాడు. మొత్తం 1,900. మళ్లీ సీసా పెట్టి రెండు రోజులు చూశాను, నల్లబడలేదు. సగం మార్కు ఎందుకు తగ్గించానంటే పొద్దున వస్తానని సాయంత్రం ఏడింటికి వచ్చాడు.

ఏఎంసీలో ఇంకా నాలుగు నెలలు మిగిలాయి, ఆ డబ్బు వెనక్కి అడిగితే మూడు వారాలుగా "చెక్ చేసి చెప్తాం మేడమ్" అంటున్నారు.