చెన్నై మీనంబాక్కంలో విమానం దిగాక తొలి ఆరు గంటలు

లండన్ నుంచి పది గంటల పైచిలుకు కూర్చుని వచ్చాక పాదాలు ఉబ్బి బూట్లలో పట్టలేదు. ఇమ్మిగ్రేషన్ వరుస, పెట్టెల కోసం పడిగాపులు ముగించుకుని బయటపడేసరికి తెల్లవారుజామున అయిదు. ఆ వేళకే చెన్నై ఉక్క చొక్కాను వీపుకు అంటించేసింది.

టి.నగర్‌కు, అంటే త్యాగరాయ నగర్‌కు, ఒక ట్యాక్సీ ఆయన పన్నెండు వందలన్నాడు. తెలుగువాడినని తెలిశాక వెయ్యికి దిగాడు. ఆ రెండు వందల అభిమానానికి దండం పెట్టి మెట్రో వైపు నడిచాను. 2016 నుంచి విమానాశ్రయానికే స్టేషన్ ఉంది, రైళ్లు అయిదింటికి మొదలవుతాయి. నెల్లూరు, విజయవాడ రైలెక్కేవారిని ఈ నీలం లైనే నేరుగా సెంట్రల్‌కు చేరుస్తుంది. కోయంబేడు వెళ్లేవారు ఆలందూరులో పచ్చ లైనుకు మారొచ్చు. పెట్టెలు రెండు దాటితే మాత్రం బేరమాడి ట్యాక్సీ ఎక్కడమే నయం. నేను తేనాంపేటలో దిగి ఆటో మాట్లాడుకున్నాను.

అసలు చిక్కు లాడ్జిలో వచ్చింది. పొద్దున్నే వస్తానని ఫోనులో చెప్పే గది తీసుకున్నాను. కౌంటరులో కుర్రాడు ఆవలిస్తూ, "గది పన్నెండింటికే సార్, ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె అదనం" అన్నాడు. పక్క లాడ్జి బోర్డు మీద ఇరవై నాలుగు గంటల లెక్క అని రాసి ఉంది, అంటే గదిలో దిగిన గంట నుంచే రోజు మొదలు. రాత్రి విమానాల వాళ్లకు కావలసింది అదే. ఏసీ ఉందా అని అడిగిన నేను ఆ ఒక్క ముక్క అడగలేదు.

పంతం కొద్దీ అదనం కట్టక, పెట్టె అక్కడే పడేసి వీధి చివరి హోటల్లో కూలబడ్డాను. డవరాలో గ్లాసు బోర్లించి తెచ్చిన కాఫీ. గ్లాసు ఎత్తగానే బుస్సున పొంగి నురగ డవరా అంచు దాకా వచ్చింది. విమానంలో నాలుగు సార్లు తాగిన గోధుమరంగు నీళ్లు ఆ క్షణాన మరుపున పడ్డాయి. పొంగలిలో నెయ్యి పిసినారితనం లేదు, వడ మాత్రం నిన్నటిది.

తరువాత పానగల్ పార్కు బెంచీ. శ్రీకాళహస్తిలో పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా రామరాయణింగారి పేరే అది. ఈ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టిదీ తెలుగు ఇల్లే. మనవాళ్ల నీడ కదా అని కన్ను మూశాను. నడకకు వచ్చిన పెద్దాయన ఒకరు భుజం తట్టి, "తంబీ, బ్యాగు జాగ్రత్త" అన్నారు. అప్పటికి ఎనిమిదిన్నర. పన్నెండు కావడానికి ఇంకా మూడున్నర గంటలు.