టీమక్స్: యూనివర్సిటీ సర్వర్ మీద స్క్రిప్టులు నడిపేవాళ్లకి పనికొస్తుందా?

యూనివర్సిటీ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి రాత్రంతా నడవాల్సిన స్క్రిప్టు మొదలుపెట్టాక హాస్టల్ వైఫై పోయిందనుకోండి. కనెక్షన్ తెగగానే అవతలి షెల్‌కి (మనం కొట్టే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) హ్యాంగప్ సిగ్నల్ అందుతుంది. దాంతో షెల్లూ పోతుంది, దాన్ని పట్టుకుని వేలాడుతున్న స్క్రిప్టూ పోతుంది. ఈ ఒక్క జబ్బుకి మందుగా చూస్తే టీమక్స్‌కి ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. అంతకుమించి ఆశించేవాళ్లే తర్వాత దాన్ని తిట్టుకుంటారు.

కనెక్షన్ తెగినా మీ టెర్మినల్ సెషన్‌ని సర్వర్ మీద నడుస్తూనే ఉంచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, 2007లో నికోలస్ మారియట్ మొదలుపెట్టాడు. చాలా సర్వర్లలో ముందే ఉంటుంది, అడ్మిన్‌ని బతిమాలే పని లేదు. వాడకం చిన్నదే. 'టీమక్స్ న్యూ' అని కొట్టి, మైనస్ ఎస్ తర్వాత ఒక పేరు పెట్టండి. పేరు పెట్టకపోతే సున్నా, ఒకటి అని అంకెలు వస్తాయి, వారం తర్వాత ఏది ఏదో తెలిసి చావదు. లోపల స్క్రిప్టు మొదలుపెట్టాక కంట్రోల్ పట్టుకుని బీ నొక్కి, రెండూ వదిలేసి, అప్పుడు డీ నొక్కాలి. సెషన్ వెనక నడుస్తూనే ఉంటుంది, మీరు బయటికొస్తారు. మళ్లీ లాగిన్ అయ్యాక 'టీమక్స్ అటాచ్', మైనస్ టీ, అదే పేరు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఆ మూడు మీటల దగ్గరే. బీ మర్చిపోయి ఉత్త కంట్రోల్-డీ కొడితే అది షెల్‌కి 'ఇక చాలు' అని చెప్పినట్టు. షెల్ మూసుకుపోతుంది, సెషన్‌లో ఉన్నది అదొక్కటే అయితే సెషనూ పోతుంది.

డిఫాల్ట్ సెట్టింగుల్లో నాకు నచ్చనిది హిస్టరీ. వెనక్కి చూడ్డానికి దాచేది 2000 లైన్లే. మోడల్ ట్రైనింగ్ లాంటివి ప్రతి స్టెప్‌కీ ఒక లైను కక్కుతుంటే, పొద్దున మొదటి ఎర్రర్ వెతుక్కునేసరికి అది ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది. హోమ్ డైరెక్టరీలో కాన్ఫిగ్ ఫైలు పెట్టి హిస్టరీ లిమిట్ 50000 చేయండి. ఇప్పటికే తెరిచి ఉన్న కిటికీలకి ఇది వర్తించదు, కొత్తగా తెరిచినవాటికే. అదే ఫైల్లో మౌస్ ఆన్ చేస్తే చక్రం తిప్పి పైకి వెళ్లొచ్చు. కాకపోతే ఆ తర్వాత టెక్స్టు కాపీ చేయాలంటే చాలా టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుని లాగాలి.

హ్యాంగప్ సిగ్నల్‌ని పట్టించుకోకుండా స్క్రిప్టు నడిపే నోహప్ కమాండుతో పోలిస్తే? ఒకసారి వదిలేసి మర్చిపోయే పనికి నోహప్ చాలు. కానీ పైథాన్ స్క్రిప్టు అవుట్‌పుట్ ఫైలుకి వెళ్లినప్పుడు బఫర్‌లో ఆగి ఆగి వస్తుంది. లాగ్ ఖాళీగా కనిపించేసరికి స్క్రిప్టు ఆగిపోయిందనుకుని చంపేసేవాళ్లు బోలెడుమంది. టీమక్స్ లోపల స్క్రీను మీదికి వచ్చేదానికి ఆ బాధ లేదు. అదే అవుట్‌పుట్‌ని తెర మీదా ఫైల్లోనూ రాసే టీ కమాండుకి పైపు చేశారంటే మళ్లీ అదే కథ, కాబట్టి పైథాన్‌కి మైనస్ యూ తగిలించండి. 1987 నాటి 'స్క్రీన్' అనే ప్రోగ్రామ్ కూడా టీమక్స్ పనే చేస్తుంది గానీ, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 నుంచి అది ప్రధాన రిపాజిటరీల్లో లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి టీమక్సే మేలు.

ఇక యూనివర్సిటీ సర్వర్ల ప్రత్యేక తలనొప్పులు. ఒకే పేరు వెనక రెండు మూడు లాగిన్ నోడ్లు (మనం మొదట దిగే యంత్రాలు) ఉంటాయి. నిన్న ఒకదాంట్లో సెషన్ తెరిచి, ఇవాళ ఇంకోదాంట్లో దిగితే 'సర్వరేమీ నడవట్లేదు' అంటుంది. సెషన్ ఎక్కడికీ పోలేదు, మీరే పక్కింటికి వచ్చారు. తెరిచేటప్పుడే హోస్ట్‌నేమ్ కొట్టి నోడు పేరు రాసిపెట్టుకోండి.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టిన ఏఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద హోమ్ డైరెక్టరీ ఉంటే ఇంకో చిక్కు. మీరెవరో రుజువు చేసే కెర్బెరోస్ టికెట్ గడువు అయిపోగానే, నడుస్తున్న స్క్రిప్టుకే ఫైలు రాసే అనుమతి ఉండదు, 'పర్మిషన్ డినైడ్' అని పడిపోతుంది. దీనికి టీమక్స్ చేయగలిగిందేమీ లేదు. ఫలితాలు లోకల్ స్క్రాచ్ డిస్కులోకి (ఆ యంత్రంలోనే ఉండే తాత్కాలిక డిస్కు) రాయించండి, లేదా టికెట్‌ని పొడిగిస్తూ ఉండే కేరెన్యూ కమాండు కింద స్క్రిప్టు నడపండి.

లాగిన్ నోడు మీద టీమక్స్‌లో భారీ లెక్కలు నడిపితే అడ్మిన్లు వాటిని చంపేస్తారు, వాళ్లని అనడానికీ లేదు. ఆ పని కంప్యూట్ నోడ్లకి (లెక్కలు చేసే యంత్రాలు) జాబులు పంచే స్లర్మ్‌ది. దాని ఎస్‌బ్యాచ్ కమాండుతో పంపిన జాబ్‌కి టీమక్స్ అక్కర్లేదు, మీరు లాగౌట్ అయినా దాని మానాన అది నడుస్తుంది. స్లర్మ్‌దే ఇంకో కమాండు ఎస్‌రన్‌తో కంప్యూట్ నోడు మీద ఇంటరాక్టివ్ షెల్ తీసుకునేవాళ్లకే ఇది అసలు అవసరం. ముందు లాగిన్ నోడు మీద టీమక్స్, దాని లోపల ఎస్‌రన్. తిరగేసి కంప్యూట్ నోడులోకి వెళ్లాక టీమక్స్ తెరిస్తే, నెట్ తెగి ఎస్‌రన్ పోయినప్పుడు జాబూ ముగుస్తుంది, దాంతో పాటు ఆ టీమక్సూ పోతుంది.